ధరలు దిగాయి, బిల్లు దిగలేదు

"తొందరపడకండి, ఆరు నెలలు ఆగితే సగం ధరకే వస్తుంది." 1980లలో అమెరికాలో కంప్యూటర్ కొందామనుకుంటున్నానని నోరు జారినవాడికి ముందుగా దక్కేది ఈ సలహానే. ఇచ్చేవాడికి ఖర్చు లేదు, పుచ్చుకునేవాడికీ ఖర్చు లేదు. ఇంట్లో కంప్యూటర్ ఉండదు, అంతే. ఈలోగా ఇంకో పెద్దమనిషి అడ్డుపడతాడు: "ఆగడమెందుకు? ఇప్పుడు చిన్నది కొను. భాగాలు చవకయ్యాక ఒక్కొక్కటీ కలుపుకుంటూ పో." ఈ రెండు పక్షాలూ యూజర్ గ్రూపుల సమావేశాల్లోనూ పత్రికల ఉత్తరాల పేజీల్లోనూ ఏళ్ల తరబడి జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి. మొదటివాళ్లది ఆగుడు పక్షం, రెండోవాళ్లది అతుకుల పక్షం అనుకుందాం. కాగితం మీద ఇద్దరూ లాభాల్లోనే ఉన్నారు.

ఆగుడు పక్షానికి స్వర్ణయుగం 1983. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ 1981లో టీఐ-99/4ఏ అనే యంత్రాన్ని 525 డాలర్లకు పెట్టింది. పోటీ కంపెనీ కమడోర్ అధినేత జాక్ ట్రామియెల్‌కి టీఐ మీద క్యాలిక్యులేటర్ల కాలం నాటి కక్ష ఉంది. 1982లో 595 డాలర్లకు తెచ్చిన కమడోర్ 64ని మరుసటేడు 200 దరిదాపులకు దింపేశాడు. టీఐ కూడా పంతానికి పోయి 99కి దిగింది. 1983 అక్టోబరులో ఇక మా వల్ల కాదని చేతులెత్తేసింది. మిగిలిన సరుకును దుకాణాలు 49 డాలర్లకు తెగనమ్మాయి. ఆగుడు పక్షం మీసం మెలేసింది. 525 డాలర్ల వస్తువు 49కే! నిజమే, కాదనను. కన్నవాళ్లే వదిలేసిన యంత్రాన్ని, అందరూ దాన్ని వదిలించుకుంటున్న వారంలో, ఎంతో ముందుచూపుతో కొన్నారు.

అదే ఏడు కమడోర్ మరో చిత్రం చేసింది. ఏ కంప్యూటరైనా, ఏ వీడియో గేమైనా సరే తెచ్చిస్తే కొత్త 64 మీద 100 డాలర్ల తగ్గింపు అంది. టైమెక్స్ సింక్లేర్ 1000 అనే చిన్న యంత్రం అప్పటికి 50 డాలర్ల లోపుకి పడిపోయింది. జనం దాన్ని కొత్తగా కొని, పెట్టె వాసన పోకముందే పాత కంప్యూటరుగా సమర్పించుకున్నారు. ధరల వాదన మొత్తంలో నికరంగా డబ్బు మిగిలింది బహుశా వీళ్లకేనేమో. వీళ్లు ఆగనూ లేదు, అతకనూ లేదు.

ఆగుడు పక్షం ఒక కంపెనీనే మింగేసిందని కూడా చెబుతారు. ఆడమ్ ఆస్‌బోర్న్ బాల్యం అరుణాచలంలో, రమణాశ్రమం నీడలో గడిచింది. తండ్రి ఆర్థర్ ఆస్‌బోర్న్ మహర్షి మీద పుస్తకాలు రాసినవాడే. కొడుకు 1981లో కాలిఫోర్నియాలో ఆస్‌బోర్న్ 1 అనే కంప్యూటర్ తెచ్చాడు. సూట్‌కేసులా మోసుకెళ్లొచ్చు, ధర 1,795 డాలర్లు, ముఖ్యమైన సాఫ్ట్‌వేర్ అందులోనే. బాగా అమ్ముడైంది. 1983లో ఇంతకన్నా మేలైనది వస్తోందని ఆయన ముందే చెప్పేశాడు. "అయితే అదే కొంటాం" అని జనం ఆగారు. సెప్టెంబరుకల్లా కంపెనీ దివాలా. నేనెవరు అని అడగమన్న చోట పెరిగిన మనిషి, రేపు ఏమమ్ముతానో చెప్పి మునిగాడు. కథ ఇంత సూటిగా లేదనేవాళ్లూ ఉన్నారు. 1,595 డాలర్లకు ఇంకా పెద్ద తెరతో వచ్చిన కేప్రో అప్పటికే వెనక నుంచి తరుముతోంది. ఏమైనా "ఆస్‌బోర్న్ ప్రభావం" అన్న పేరు మాత్రం వ్యాపార పాఠాల్లో స్థిరపడిపోయింది.

ఇక అతుకుల పక్షం. వీళ్ల ఇలవేల్పు ఐబీఎం పీసీ. 1981 ఆగస్టులో విడుదలైంది, ప్రారంభ ధర 1,565 డాలర్లు. ఆ ధరకి 16 కిలోబైట్ల మెమరీ, కీబోర్డు వస్తాయి. ఫ్లాపీ డ్రైవ్ రాదు, మానిటర్ రాదు. తెర కావాలంటే ఇంట్లో టీవీ ఉంది, రాసింది దాచుకోవాలంటే క్యాసెట్ రికార్డర్ ఉంది. "పరవాలేదు, అదనపు కార్డులు పెట్టుకోవడానికి లోపల అయిదు స్లాట్లున్నాయి" అన్నారు భక్తులు. ఎలుక గోచీ కొరికిందని పిల్లిని తెచ్చి, పిల్లి పాల కోసం ఆవును తెచ్చి, చివరికి సంసారంలో కూలబడ్డ సన్యాసి కథ మనకి తెలిసిందే. ఆ సన్యాసి ఈ అయిదు స్లాట్లలో మళ్లీ పుట్టాడు. ఫైళ్లు ఎక్కువయ్యాయని హార్డ్ డిస్క్ కొన్నాడు. పీసీలో ఉన్న పవర్ సప్లై 63.5 వాట్లదే, అది ఆ డిస్క్‌ని మోయలేదు. కనుక పెద్ద పవర్ సప్లై. మొదటి విడత యంత్రాల్లో, ఆన్ చేయగానే నడిచే బయోస్ అనే ప్రోగ్రామ్ ఆ డిస్క్‌ని అసలు గుర్తించదు. కనుక కొత్త బయోస్ ఉన్న రోమ్ చిప్. యంత్రాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్, పాత డాస్‌కి హార్డ్ డిస్క్ సంగతే తెలియదు. కనుక 1983లో వచ్చిన డాస్ 2.0. అది పాతదాని కన్నా ఎక్కువ మెమరీ తింటుంది. కనుక మెమరీ కార్డు. ఇందులో ఏ ఒక్క భాగాన్ని అడిగినా నిరుటి కన్నా చవగ్గానే దొరికానంటుంది. మొత్తం ఎంతయిందని ఇంట్లోవాళ్లని అడగాలి.

స్లాట్లే లేని మెకింటాష్ కొన్నవాళ్లు బతికిపోయారనుకోకండి. 1984 జనవరిలో 2,495 డాలర్లు పోసి 128 కిలోబైట్ల మెక్ కొన్నారు. ఆ సెప్టెంబరులోనే 512 కిలోబైట్లది వచ్చింది. పాతదాన్ని అంతకి పెంచడానికి ఆపిల్ అడిగింది 995 డాలర్లు. ధైర్యవంతులు టంకం కడ్డీ పట్టుకుని బోర్డు మీద చిప్పులు ఊడబీకి కొత్తవి అతికారు. ఆదా అయినమాట నిజం. చెయ్యి వణికితే ఏమయ్యేదో ఆ లెక్కలో ఉండదు.

అసలు పతాక సన్నివేశం 1991లో ఇంటెల్ రాసింది. 486ఎస్‌ఎక్స్ అనే చవక చిప్ తెచ్చింది. మొదట్లో అది ఖరీదైన 486డీఎక్సే, గణిత విభాగాన్ని పనిచేయకుండా కట్టేశారంతే. తర్వాత లెక్కల అవసరం పడితే? భయం లేదు, పక్కన ఖాళీ సాకెట్ ఉంది, 487ఎస్‌ఎక్స్ అనే సహాయక చిప్ కొనుక్కోవచ్చు. ఆ సహాయకుడు నిజానికి పూర్తి 486డీఎక్స్, ఒక పిన్ను అదనం. సాకెట్లో కూర్చోగానే పాత చిప్‌ని పడుకోబెట్టి పనంతా తానే చేస్తాడు. ఒకే చిప్‌ని ఒకసారి కట్టేసి, ఇంకోసారి విప్పి, రెండుసార్లు అమ్మడాన్ని అతుకుల పక్షం సదుపాయం అంది.

ధర పడుతుందన్న నమ్మకమైనా గట్టిదా? 1986లో అమెరికా, జపాన్ చిప్పుల ఒప్పందం కుదుర్చుకున్నాక, 1988లో మెమరీకి కరువొచ్చి రేట్లు పైకి లేచాయి. ఆపిల్ తన మెక్‌ల ధరలు పెంచింది. 1993 జులైలో జపాన్‌లోని నీహామాలో సుమిటోమో కెమికల్ కర్మాగారం పేలింది. చిప్పుల పైపూతకి వాడే రెసిన్ అక్కడిదే ఎక్కువ. మెమరీ ధర మళ్లీ ఎగిరింది. "వచ్చే నెల కొందాం" అన్నవాళ్లు ఆ నెలల్లో ఏం మాట్లాడారో పత్రికల్లో అంతగా కనిపించదు.

పీసీ మ్యాగజైన్ సంపాదకుడు బిల్ మాక్రోన్ ఈ గొడవంతా చూసి ఒక సూత్రం తేల్చాడు: మీకు కావలసిన కంప్యూటర్ ఎప్పుడూ 5,000 డాలర్లే. చిప్పుల మీద సూత్రం చెప్పిన ఇంటెల్ మూర్‌కి వాటి సంగతి తెలిస్తే, కొనేవాళ్ల సంగతి మాక్రోన్‌కి తెలుసు. ధర పడిన ప్రతిసారీ ఆశ అంత మేరా పెరిగింది. నాకు మాత్రం రెండు పక్షాల పద్దుల్లోనూ ఒకే గడి ఖాళీగా కనిపిస్తుంది: ఆ యంత్రంతో ఏం పని చేశారు? 1979లో ఆపిల్ 2 మీద విజికాల్క్ అనే లెక్కల పట్టిక సాఫ్ట్‌వేర్ వేసుకుని బడ్జెట్లు కట్టినవాళ్లు, కొత్తదొస్తే ఎంత నష్టపోయామని లెక్కించుకున్నట్టు లేదు. వాళ్ల చేతిలో వేరే లెక్కలున్నాయి.

చివరికి 1997లో కాంపాక్ ప్రెసారియో 2100 అనే యంత్రాన్ని 999 డాలర్లకు తెచ్చింది. అందులోని సైరిక్స్ చిప్‌ని తీసి ఇంటెల్ పెంటియం పెట్టుకునే వీలే లేదు. అయినా జనం కొన్నారు. మానిటర్ మాత్రం విడిగా కొనుక్కోవాలి.