నేను చెరిపిన మచ్చ

మా సారంగాపూర్‌లో ఏ ఇంట బిడ్డ పుట్టినా చూడవచ్చినవాళ్లు మొదట అడిగేది "ఎవరి పోలిక?" అని. నేను అడిగింది "ఎవరు చేసిన్రు?" అని. బిడ్డ ఒంటి మీద మచ్చ కనబడగానే దానికొక దోషిని వెతకడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాటలో ఏమేం చేశానో ఇన్నేళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరూ బిడ్డల్ని కన్నవాళ్లయితే ఇలాంటివాడొకడు మీలోనూ ఎక్కడో ఉండే ఉంటాడు. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను.

అప్పుడు నేను బహ్రెయిన్‌లో ఉన్నాను. మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఇంటికొకరైనా గల్ఫ్‌లో ఉంటారు. పెండ్లయిన ఏడాదికే నేనూ విమానం ఎక్కాను. 2018 జులై 27న చంద్రగ్రహణం. ఈ శతాబ్దంలోకెల్లా పొడవైన సంపూర్ణ గ్రహణమని, చంద్రుడు గంటా నలభై మూడు నిమిషాలు పూర్తిగా మరుగవుతాడని టీవీలు వారం ముందునుంచే ఊదరగొట్టాయి. నా భార్యకు అప్పుడు ఆరో నెల. సాయంత్రం నుంచి పదిసార్లు ఫోన్ చేశాను. "కత్తి ముట్టకు. బయటికి రాకు. ఒళ్లు గోక్కోకు. నీళ్లు సుత తాగకు" అన్నాను. మన దగ్గర రాత్రి పన్నెండు కొట్టకముందే పట్టి, తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా విడిచింది. ఆ నాలుగు గంటలూ ఆమె తలుపులూ కిటికీలూ మూసుకున్న గదిలో, ఆ ఉక్కలో, పక్క మీద కదలకుండా పడుకుంది.

ఆ రాత్రి నేనెక్కడున్నానో కూడా చెప్పాలి. శుక్రవారం, సెలవు. క్యాంపు మిద్దె మీద రూమువాళ్లందరం బిర్యానీ వండుకుని తింటూ ఎర్రబడ్డ చందమామను కళ్లారా చూశాం. ఫొటోలు కూడా తీశాను. గ్రహణం నాకు వేడుక, ఆమెకు శిక్ష. ఆ తేడా ఆ పూట నాకు తట్టనే లేదు.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ పోయిన వారానికి జగిత్యాల సర్కారు దవాఖానాలో పాప పుట్టింది. బాలింతలకు అప్పట్లో సర్కారు ఇచ్చిన కేసీఆర్ కిట్టుతో, ఆడపిల్లకు ఇస్తామన్న పదమూడు వేల మాటతో, ఎత్తుకుంటే చేతిలో ఇమిడిపోయేంత పిల్లతో ఇంటికి చేరారు. మా అత్తగారిల్లు మా వాడ వెనకే. ఐదో రోజు ఇమో యాప్‌లో వీడియో పెట్టమన్నాను. నీళ్లు పోసే అవ్వ పాపను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని ఉంది. ఊళ్లో సగం మందికి చిన్నప్పుడు నీళ్లు పోసిన మనిషి. నాకూ ఆమే పోసింది. పాప నడుము కింద, పిరుదుల మీద అరచేయంత నీలం మచ్చ కనబడింది. ఎవరో గట్టిగా కొట్టినట్టు కమిలిపోయి ఉంది.

ఆ తర్వాత నా నోరు ఆగలేదు. "గదేంది? ఎవరు కొట్టిన్రు? ఆ ముసలిదాన్ని ఆపుమను! పసిపిల్లను గట్ల పిసుకుతరా? నేను ఆడికొస్తే బాగుండదు!" ఫోను మా అత్తమ్మ చేతిలో ఉంది. నా మాట స్పీకర్లోంచి నేరుగా అవ్వ చెవిలో పడింది. అవ్వ ఒక్క మాట అనలేదు. పాప ఒళ్లు తుడిచి, సాంబ్రాణి పొగ వేసి, గుడ్డలో చుట్టి ఇచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

ఆ నీలం మచ్చ దెబ్బ కాదు. కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు రంగు కణాలు వెన్ను వైపు నుంచి పై చర్మానికి ప్రయాణం చేస్తాయి. కొన్ని దారిలోనే, లోపలి పొరలోనే ఆగిపోతాయి. అంత లోతున ఉన్న నలుపు పైకి నీలంగా కనిపిస్తుంది. మన దేశంలోనూ, ఆసియా అంతటా పసిపిల్లల్లో ఇది మామూలు. జపాన్‌లో పాఠాలు చెప్పిన ఎర్విన్ బెల్జ్ అనే జర్మన్ వైద్యుడు 1885లో దీనికి మంగోలియన్ మచ్చ అని పేరు పెట్టాడు. ఒక జాతి పేరు తగిలించడం తప్పని ఇప్పటి వైద్యులు ఆ పేరు మానుకుంటున్నారు. మూడు నుంచి ఐదేళ్లలో చాలామందికి దానంతటదే మాసిపోతుంది. దీన్ని దెబ్బ అనుకుని పెంచేవాళ్లను అనుమానించడం వేరే దేశాల్లోనూ జరిగిందట. ఆ మాట విన్నప్పుడు నాకు ఊరట కలగలేదు. అవ్వ కొంగుతో చేతులు తుడుచుకోవడమే కళ్ల ముందు నిలిచింది.

ఇది నాకు తెలిసేలోపే రెండో మచ్చ వచ్చింది. పుట్టినప్పుడు లేదు. మూడో వారంలో కుడి చెంప మీద, చెవికి దగ్గరగా దోమ కుట్టినట్టు ఒక ఎర్రచుక్క లేచింది. నెల తిరిగేసరికి కందిగింజంత అయింది. రెండో నెలకల్లా ఉబ్బి, మిలమిలలాడుతూ "పండిన రేగుపండు లెక్క అయింది" అని నా భార్య చెప్పింది. నేను కిట్టులోని సబ్బును అనుమానించాను. పౌడరును అనుమానించాను. అవి అయిపోయాక మిగిలింది ఆమె.

"గ్రహణం నాడు నువ్వు చెంప గోక్కున్నవ్. నిజం చెప్పు" అన్నాను.

అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా అంది: "నేను కదలలే. నువ్వు మిద్దె మీద నిలవడి చూసినవ్ గదా, ఫొటోలు సుత పంపినవ్. మరి నీ ముఖం మీద ఏమొచ్చింది?" ఫోను పెట్టేసింది. నాలుగు రోజులు ఎత్తలేదు. ఆరో నెల కడుపుతో దాహమేస్తే నీళ్లు తాగని మనిషిని నేను ఆ మాట అన్నాను. ఆ నాలుగు రోజులు ఇప్పటికీ గుర్తొస్తే అన్నం సహించదు.

ఇంత జరిగినా బుద్ధి రాలేదు. నా అసలు బాధ పాపకు ఏమవుతుందోనని మాత్రమే కాదు, నలుగురూ ఏమంటారోనని కూడా. క్యాంపులో అందరికీ "నా బిడ్డ బంగారుబొమ్మ" అని చెప్పుకున్నాను. ఫోన్‌లో మొటిమలు మాయం చేసే ఫిల్టర్ ఉంది. ఇంటినుంచి ఫొటో రావడం ఆలస్యం, చెంప మీద వేలు పెట్టి రుద్దేవాడిని. మచ్చ పోయేది. అదే డీపీ, అదే స్టేటస్, చుట్టాలందరికీ అదే. ఇరవై ఒకటో రోజు తొట్టెల పండుగ నాటికే ఊళ్లో స్టూడియో అతనికి ఫోన్ చేసి "తమ్మీ, చెంప మీద చుక్క కనవడొద్దు" అని చెప్పాను. ఫిల్టర్ చేసిన ఫొటోను పాత ఫొటో మీదే సేవ్ చేసేవాడిని. అసలుది ఒక్కటి కూడా నా కంట పడకూడదనుకున్నాను.

రెండున్నర నెలలకు మా బావమరిది వాళ్లను కరీంనగర్‌లో చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాడు. నేను డ్యూటీలో ఉండగా ఇమో మోగింది. డాక్టరమ్మ మచ్చను నొక్కి చూసింది, టేపుతో కొలిచింది, ఒక్క ప్రశ్న అడిగిందట: "మొదటి నెల ఫొటోలున్నాయా? ఎంత వేగంగా పెరిగిందో చూడాలి." నా భార్య ఫోన్‌లో జాగా తక్కువ. నాకు పంపిన వెంటనే తీసేసేది. "అన్నీ మా ఆయన దగ్గరున్నయి మేడం" అని ధీమాగా చెప్పింది. "జల్ది పంపు, డాక్టరమ్మ కూసున్నది" అంది నాతో. గ్యాలరీ తెరిచాను. ఒకటి చూశాను, చెంప నున్నగా ఉంది. ఇంకొకటి, నున్నగా. కిందికి జరిపాను, ఇంకా కిందికి జరిపాను, నలభై ఫొటోలు, నలభై చెంపలు, ఒక్కదాని మీదా చుక్క లేదు. చెమటలు పట్టాయి. "దొరికినయా?" "ఆగు." "మేడం అడుగుతున్నది." "ఆగు, ఆగు." బయట రోగులు వరుసకట్టి ఉన్నారు, పాప ఏడుస్తోంది, బావమరిది ఫోను లాక్కుని "బావా, గంత సేపేంది?" అన్నాడు. అప్పుడు చెప్పాను: "నేను చెరిపేసిన."

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా భార్యే తేరుకుని స్టూడియో అతనికి ఫోన్ చేసింది. ఆ పిల్లాడు నాకంటే బుద్ధిమంతుడు. నేను చెరపమన్నది చెరిపి, అసలు ఫొటోను కంప్యూటర్లో దాచిపెట్టాడు. పది నిమిషాల్లో పంపాడు. తొట్టెలలో పాప, చెంప మీద ఆవగింజంత ఎర్రచుక్క. ఆ ఒక్క ఫొటోనే సాక్ష్యం.

డాక్టరమ్మ చెప్పిన మాటలు నా భార్య పొల్లుపోకుండా నాకు అప్పజెప్పింది. దీని పేరు ఇన్‌ఫెంటైల్ హీమాంజియోమా, మామూలు మాటలో స్ట్రాబెర్రీ మచ్చ. సన్నని రక్తనాళాల కణాలు గుంపుగా పెరగడం వల్ల వస్తుంది. ఆడపిల్లల్లో, నెల తక్కువ పిల్లల్లో ఎక్కువ. మొదటి మూడు నెలలు జోరుగా పెరుగుతుంది, ఐదో నెలకు చాలావరకు ఆగిపోతుంది, ఆ తర్వాత ఏళ్ల మీద మెల్లగా కరుగుతుంది. ఐదేళ్లకు సుమారు సగం మందికి, ఏడేళ్లకు నూటికి డెబ్బై మందికి, తొమ్మిదేళ్లకు తొంభై మందికి తగ్గిపోతుందని పాత లెక్క. కంటి దగ్గర, పెదవి మీద, ముక్కు కొన మీద వస్తే, పుండు పడితే, మరీ పెద్దదైతే మాత్రం ఆగకూడదు. దానికి ప్రోప్రనలాల్ అనే మందుంది. అది అసలు గుండెకూ రక్తపోటుకూ వాడేది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో క్రిస్టీన్ లియోటే-లాబ్రెజ్ అనే వైద్యురాలు గుండె జబ్బు కోసం ఒక పిల్లాడికి ఆ మందిస్తే మచ్చ తగ్గడం గమనించి 2008లో ప్రపంచానికి చెప్పింది. ఆమె కంటితో చూసి పట్టుకున్నదాన్ని నేను వేలితో రుద్ది చెరిపాను.

మా పాపకు మందు అక్కర్లేదు, కనిపెట్టుకుని ఉండండి, నెలకో ఫొటో తీయండి అన్నారు. నా భార్య చెంప పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీసేది. ఆమె వాడిన బిళ్ల అడ్డం 22 మిల్లీమీటర్లు. మచ్చ దాన్ని ఎప్పుడూ దాటలేదు. ఆ ఫొటోలు నాకు పంపలేదు, తమ్ముడి ఫోన్‌లో దాచింది. నేను అడగలేదు. అడిగే ముఖం లేదు.

ఫొటోలో మచ్చ చెరిపింది నేనొక్కణ్నే కాదు. సోవియట్ నాయకుడు గోర్బచేవ్ నుదుటి మీద పెద్ద ఎర్రమచ్చ ఉండేది. 1985లో ఆయన పైకొచ్చిన కొత్తలో అక్కడి అధికారిక చిత్రాల్లో దాన్ని తుడిచేసి అచ్చువేసేవారు. ఆయనది పోర్ట్ వైన్ మచ్చ, జన్మంతా ఉండే రకం. కరిగిపోయేవి, ఉండిపోయేవి వేరువేరని తెలుసుకున్నాక నాకింకో సంగతి గుర్తొచ్చింది. నా పదో తరగతి మెమో మీద గుర్తింపు కోసం రాసిన రెండు పుట్టుమచ్చలు. అవి చూపించి ఎన్ని కాయితాల మీద సంతకాలు పెట్టానో. నా మచ్చలు నేనని రుజువు చేయడానికి పనికొచ్చాయి. నా బిడ్డ మచ్చ ఉంటే ఆమె నా బిడ్డ కానట్టు తుడిచేశాను.

2019 వానాకాలంలో సెలవు దొరికి వచ్చాను. పాప నన్ను కొత్తమనిషిలా చూసి ఏడ్చింది. రాత్రి నిద్రపోయాక మొదటిసారి ఆ మచ్చను ముట్టుకున్నాను. మెత్తగా, పక్క చర్మం కన్నా కొంచెం వెచ్చగా ఉంది. నొక్కితే తెల్లబడి, వదలగానే మళ్లీ ఎర్రబడింది. మధ్యలో బూడిదరంగు చుక్క తేలింది. అది కరగడం మొదలైన గుర్తట. దీపం పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నా భార్య మేలుకునే ఉంది. "గ్రహణం మాట తప్పయింది" అన్నాను. "ఊఁ" అంది. ఇంకేమీ అనలేదు గానీ ఆ రాత్రి తర్వాత రూపాయి బిళ్ల ఫొటో తీసేటప్పుడు బిళ్ల పట్టుకునే పని నాకిచ్చింది.

ఇప్పుడు పాప రెండో తరగతి. నీలం మచ్చ నాలుగేళ్లకే ఆనవాలు లేకుండా పోయింది. చెంప మీద లేత గులాబీ నీడ, కాస్త వదులైన చర్మం మిగిలాయి. తెలిసినవాళ్లకే తెలుస్తుంది. మొన్న పాత ఫోన్ చూస్తూ "డాడీ, ఈ పాప ఎవరు? నాకు మచ్చ ఉండె గదా, ఈమెకు లేదు" అంది. నువ్వేనని చెబితే నమ్మలేదు. వాళ్లమ్మ దగ్గరున్న రూపాయి బిళ్ల ఫొటోలు తెచ్చి "గిది నేను" అని చూపించింది.

అవ్వ సంగతి మిగిలింది. కరోనా ఏడాది బహ్రెయిన్ వదిలి వచ్చేశాను. 2021లో బాబు పుట్టాడు. నీళ్లు పోయడానికి ఎవరిని పిలుద్దామని ఇంట్లో మాట వచ్చింది. నేనే అవ్వ ఇంటికి వెళ్లాను. అరుగు మీద బియ్యం చెరుగుతోంది. కాళ్లు పట్టుకున్నాను. "లే కొడుకా, దుబ్బల కూసుంటివి" అంది, అంతే. మర్నాడు పొద్దున్నే వచ్చింది. నీళ్లు కాగాయి, నూనె గిన్నె పక్కన పెట్టుకుంది, కాళ్లు చాపుకుని కూర్చుంది. బాబును కాళ్ల మీద వేసుకోబోయి ఆగి, నన్ను పిలిచింది.

"ఇటు రా. ముందుగాల నువ్వు చూడు. తర్వాతనే నేను ముట్టుకుంట."

గుడ్డ తీసింది. నడుము కింద నీలం మచ్చ, అక్కదాని కన్నా పెద్దది. చూశానన్నాను. అవ్వ బోసినోటితో నవ్వి, బాబును బోర్లా వేసుకుని, చేయి చాపింది. నేను చెంబు ముంచి నీళ్లు అందించాను.