చివరి గడి

మనిషిని గుర్తుపట్టడానికి రెండు పుట్టుమచ్చలు చాలునని నన్ను గీసినవాళ్ల నమ్మకం. అందుకే నా ప్రతి వరసలో వాటికో గడి ఉంది. ‘ఎడమ మణికట్టు మీద ఒకటి, కుడి చెవి కింద ఒకటి’ అని పదో తరగతి సర్టిఫికెట్టులో చూసి ఎక్కిస్తారు. నాలో ఫోటోలు లేవు. ఎవరి ముఖమూ నాకు తెలియదు. పుట్టుమచ్చలు మాత్రం వందల కొద్దీ కంఠతా వచ్చు.

పత్తికొండలో ఒక చిన్న డిగ్రీ కాలేజీకి అడ్మిషన్ రిజిస్టరును నేను. తెరిచి పరిస్తే సీనియర్ అసిస్టెంటు సారు బల్ల సగం నాదే. ఎర్ర గుడ్డ వీపు, నలిగిన మూలలు, అట్ట మీద పసుపెక్కిన చీటీ. ఉండేది ఇనుప బీరువా కింది అరలో. పై అర టీసీ పుస్తకాలది, దాని పైది బల్లి గుడ్లది. ఎండాకాలం బీరువా తలుపు పెనంలా కాలుతుంది. అప్పుడు నాలో బంక పెట్టి అంటించిన కాగితాలన్నీ చిటపటమని లేస్తాయి.

ఎడమ పేజీ నుంచి కుడి పేజీ దాకా సాగే నా గడులు ఇవి: వరస నంబరు, చేరిన తేదీ, పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ, కులం, మాతృభాష, ఇంటర్ ఎక్కడ చదివిందీ, గ్రూపు, మీడియం, పుట్టుమచ్చలు. అన్నిటికీ అవతల, కుడి అంచున, ఒక సన్నటి గడి: విడిచిన తేదీ, కారణం. ముందున్నవన్నీ ఒక్క పూటలో నిండుతాయి. ఆ చివరిది నిండటానికి మూడేళ్లు పట్టాలి. నేను చెప్పబోయేదంతా ఆ చివరి గడి గురించే.

అంతకంటే ముందు, మిగతా గడులను పూర్తిగా నమ్మకండి. నన్ను తిరగేస్తే జూన్ 1న పుట్టినవాళ్లు గుంపులు గుంపులుగా కనిపిస్తారు. జూలై 1 వాళ్లూ తక్కువేం కాదు. పత్తికొండ చుట్టుపక్కల తల్లులంతా ఏకంగా ఆ రెండు రోజుల్లోనే కన్నారా? లేదు. బిడ్డను బడికి తీసుకుపోయిన అవ్వ ‘వానలు బాగా పడిన ఏడు పుట్టినాడు సామీ’ అని ఉంటుంది. అయ్యవారు బడి తెరిచే నెలను చూసి వయసు సరిపెట్టి ఉంటారు. ఆ తేదీయే పదో తరగతికి, ఇంటర్‌కు, నా దగ్గరికి నడిచి వచ్చింది. రేపు పింఛను కాగితాల దాకా పోతుంది.

కులం గడిలో పొట్టి అక్షరాలుంటాయి. బీసీ-ఎ అంటే ఈ తట్టు ఎక్కువగా బోయవాళ్లు, బీసీ-బి అంటే కురుబలు, పద్మశాలీలు, దూదేకులవాళ్లు, బీసీ-డి అంటే ఉప్పరవాళ్లు. 2007 తర్వాత వెనుకబడిన ముస్లింలకు బీసీ-ఇ అని రాయడం మొదలైంది. ఎస్సీ అంటే మాల, మాదిగ. ఎస్టీ అంటే తండాల నుంచి వచ్చే సుగాలీలు. మాతృభాషలో తెలుగు, ఉర్దూ, లంబాడీ, అక్కడక్కడ కన్నడం. దరఖాస్తులో తండ్రి వృత్తి కూడా అడుగుతారు. వాన పడిన ఏడు ‘సేద్యం’, పడని ఏడు ‘కూలి’. అన్నదమ్ములిద్దరు రెండేళ్ల తేడాతో చేరితే ఒకరి తండ్రి రైతు, ఇంకొకరి తండ్రి కూలి. తండ్రి మాత్రం ఒకరే. తల్లి పేరుకు నాలో గడి లేదు. అడిగే కాలం వచ్చాక, తండ్రి పేరు కింద మిగిలిన సందులో ఇరికించి రాశారు. ఇంటి బరువు మోసినామెకు అరంగుళం చోటు.

ఇలా గడులు గీసి చదువుకునేవాళ్లను లెక్కపెట్టడం నాతో మొదలు కాలేదు. మా వంశం పెద్దది. దానికీ పత్తికొండకూ ఒక చుట్టరికం ఉంది. 1822 జూన్ 25న మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఒక ఉత్తర్వు రాశాడు. ప్రతి జిల్లాలో బడులెన్ని, వాటిలో బ్రాహ్మణ పిల్లలెందరు, వైశ్యులెందరు, శూద్రులెందరు, ఇతర కులాలవాళ్లెందరు, ముసల్మానులెందరు, వాళ్లలో మగ ఎంత, ఆడ ఎంత అని గడులు గీసి కలెక్టర్లకు పంపించాడు. అప్పటికి ఈ సీమ బళ్లారి జిల్లాలో ఉండేది. పత్తికొండ తాలూకా కర్నూలులో కలిసింది 1858లో. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంబెల్ ఆయనే. ఆయన లెక్క: 9,27,857 మంది జనాభాకు 533 బడులు. అందులో కన్నడం చెప్పేవి 235, తెలుగు 226, సంస్కృతం, మరాఠీ చెరి 23, పార్శీ 21, తమిళం 4, ఇంగ్లీషు ఒక్కటంటే ఒక్కటి. పిల్లలు 6,641 మంది. వాళ్లలో ఆడపిల్లలు 60.

క్యాంబెల్ అంకెలతో ఆగలేదు. బడులు తగ్గిపోవడానికి జనం పేదరికమే కారణమన్నాడు. కూలినాలి చేసుకునేవాళ్ల ఇళ్లలో పిల్లలకు కాస్త చేతులు ఆడగానే పనిలోకి దింపాల్సి వస్తోందని రాశాడు. జిల్లాలన్నిటి జవాబులూ కూడి 1826 మార్చిలో మన్రో మొత్తం తేల్చాడు: మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. ఆ మరుసటి ఏడు దత్తమండలాల్లో పర్యటిస్తూ పత్తికొండలో దిగాడు. కలరా తగిలి 1827 జూలై 6న ఇక్కడే పోయాడు. శరీరాన్ని గుత్తికి తీసుకుపోయారు. ఆయన జ్ఞాపకంగా ఇక్కడ తోట వేయించి, బావి కట్టించారు. బడిపిల్లల లెక్క అడిగిన దొర కన్నుమూసిన ఊళ్లోనే నేను పిల్లల లెక్క రాసుకుంటూ బతుకుతున్నాను.

ఇప్పుడు లెక్క అడిగేది ఢిల్లీ. ఉన్నత విద్య సర్వే అని ఏటా వస్తుంది, పొట్టిగా ‘ఐషే’ అంటారు. కాలేజీలు నింపేది డీసీఎఫ్-2 అనే ఫారం. ఆ రోజు సారు నన్ను బల్ల మీద పరిచి, వరస మీద స్కేలు ఆనించి కిందికి జరుపుతూ పోతారు. పక్కన చిత్తు కాగితం. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం. బీసీలెందరు, ఎస్సీలెందరు, ఎస్టీలెందరు, ఆ ప్రతిదాంట్లో ఆడపిల్లలెందరు, చూపు లేనివాళ్లు, నడవలేనివాళ్లు ఎందరు, ముస్లింలెందరు. 2021-22 లెక్కలో దేశమంతటా 4.33 కోట్ల మంది విద్యార్థులు తేలారు. అందులో 2.07 కోట్లు అమ్మాయిలే. క్యాంబెల్ కాలంలో నూటికి ఒకరు కూడా లేని చోట ఇప్పుడు దాదాపు సగం. నా దాంట్లోనూ అంతే. మొదటి పేజీల్లో ఆడపిల్లల పేర్లు వేలుపెట్టి వెతకాలి, వెనక పేజీల్లో వెతకాల్సిన పని లేదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా ఆడవాళ్లలో చదవను, రాయను వచ్చినవాళ్లు సగం మందే. అంటే ఈ పిల్లల తల్లుల్లో చాలామందికి నన్ను చదవడం రాదు; నాలో వేలిముద్ర వేయడానికి కూడా వాళ్లు రాలేదు. అరంగుళం చోటుకు వాళ్లు నోరెత్తకపోవడం అందుకే.

ఫారంలో చివరగా అడిగేది పాసైనవాళ్ల లెక్క. సారు స్కేలు అక్కడ మొరాయిస్తుంది. ఎంతమంది చేరారో నేను టక్కున చెప్పగలను. ఎంతమంది పూర్తి చేశారో చెప్పాలంటే ఆ చివరి గడి చూడాలి. అది చాలాచోట్ల ఖాళీ.

ఎందుకు ఖాళీ అంటే, కాలేజీ క్యాలెండరు వేరు, ఈ నేల క్యాలెండరు వేరు. జూన్, జూలైలో అడ్మిషన్లు. సరిగ్గా అప్పుడే తొలకరి. వాన పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో జనం వజ్రాల కోసం తలలు వంచుకుని తిరుగుతుంటారు. ఫీజు గడువు దాటాక వచ్చిన ఒక అబ్బాయి గోళ్లలో ఎర్రమట్టి నా అంచుకు అంటుకుని ఇంకా ఉంది. వాడికి రాయి దొరకలేదు, సీటు దొరికింది. టమోటా కోతలప్పుడు మార్కెట్ యార్డులో తెల్లవారకముందే బండ్లు నిలుస్తాయి. ధర ఉంటే పిల్లవాడు గంపలు మోసి తొమ్మిదికి క్లాసుకొస్తాడు. ధర లేకపోతే కాయలు రోడ్డు మీద పోస్తారు, ఆ నెల బస్సు పాసు ఆగిపోతుంది. సంక్రాంతి దాటాక సుగ్గి. ఇళ్లకు తాళాలేసుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. సెమిస్టరు సగంలో ఉంటుంది. ‘అమ్మా నాయనా సుగ్గికి పోయినారు సార్, ఇంటికాడ జేజి ఒక్కతే’ అని చెప్పి సెలవడిగేది ఆడపిల్లలు. తామూ సుగ్గికి పోయేది మగపిల్లలు, వాళ్లు సెలవు కూడా అడగరు. క్యాంబెల్ ‘చేతులు ఆడగానే’ అని రాసి రెండు వందల ఏళ్లు దాటింది. ఒక తేడా వచ్చింది: ఇప్పుడు పోయినవాళ్లు తిరిగి వస్తారు.

చదువు కూడా కుదురుగా ఉండలేదు. 2015-16లో ఏటికొకసారి పరీక్షలు పోయి సెమిస్టర్లు వచ్చాయి. 2021-22లో మీడియం గడిలో ‘తెలుగు’ అనే మాట ఆగిపోయి అందరికీ ‘ఇంగ్లీషు’ పడింది. 2023-24లో మూడు సబ్జెక్టులు పోయి ఒకటే మేజర్ అన్నారు. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్‌తో బీఏ చేరేవాళ్ల వరసలు పొట్టివైపోయాయి, బీకాం కంప్యూటర్స్ వరసలు పొడుగయ్యాయి. మారిన ప్రతిసారీ పాత సిలబస్‌లో ఒకటో రెండో పేపర్లు మిగిలినవాళ్లు నడి ఏట్లో నిలబడ్డారు.

ఇంతకీ ఆ ఖాళీ గడుల్లో కొన్ని ఎలా నిండుతాయో చెప్తాను. 2019 జూలైలో గ్రామ, వార్డు సచివాలయాలకు లక్షకు పైగా ఉద్యోగాలని ప్రకటన పడింది. వారం తిరక్కుండా ఆఫీసు వరండా తిరునాళ్లయింది. ఎప్పుడో చేరి, ఎప్పుడో మానేసి, మరెప్పుడో గట్టెక్కినవాళ్లంతా టీసీలకు వచ్చారు. ఎరువుల దుకాణంలో లెక్కలు రాసేవాడు, బెంగళూరులో కాపలా కాసేవాడు, ఆటో నడిపేవాడు. వాళ్లలో ఒకామె. చంకలో బిడ్డ, చేతిలో కిరాణా కవరులో మడిచిన మార్కుల మెమోలు.

“సార్, టీసీ కావల్ల.”

“ఏ సంవత్సరమమ్మా?”

“2012లో చేరినా సార్. బీఏ. మాది రాజుల మండగిరి.”

“ఇన్నేళ్లూ ఏం చేసినావమ్మా?”

“ఎకనామిక్సు ఒక పేపరు నిలిచిపోయిండె. పెండ్లాయ, వీడు పుట్టె. మొన్న ఆఖరి అవకాశమని నోటీసు పడితే మా ఆయనే కట్టు కట్టు అన్నాడు. అయిపాయ సార్.”

సారు నన్ను తెరిచారు. దుమ్ముకు బిడ్డ తుమ్మాడు. సారు వేలు 2012 పేజీలో పైనుంచి కిందికి జారింది. పేరు, తండ్రి పేరు, రాజుల మండగిరి. ఆ ఊరి బండ మీద అశోకుడు రాయించిన శాసనం ఉంది, ఎండావానలకు అక్షరాలు అరిగిపోయాయట. నా మీద ఆమె పేరు మాత్రం చెక్కుచెదరలేదు. పుట్టిన తేదీ జూన్ 1. కుడి అంచున గడి తెల్లగా ఉంది.

“పుట్టుమచ్చ చూపించు తల్లీ.”

ఆమె బిడ్డను రెండో చంకకు మార్చుకుంది. ఎడమ చేతి గాజులను పైకి తోసి మణికట్టు బల్ల మీద పెట్టింది. కందిగింజంత నల్లటి మచ్చ. ఏడేళ్లుగా నాకు అక్షరంగానే తెలిసిన మచ్చ అది. సారు పెన్ను మూత తీసి, ఆ రోజు తేదీ వేసి, ‘కోర్సు పూర్తయినందున’ అని రాశారు. సిరా ఆరేదాకా ఆమె కదలకుండా చూస్తూ నిలబడింది.

ఇప్పుడు లెక్క చెప్పండి. ఆమె ఏ ఏటి పట్టభద్రురాలు? 2015 లెక్కలో తప్పినవాళ్లలో ఉంది. 2019 లెక్కలో అసలు విద్యార్థే కాదు. ఢిల్లీకి పోయిన ఏ కాగితంలోనూ పాసైనవాళ్ల కింద ఆమె గీత పడలేదు. చిన్న కాలేజీల ఫలితాల శాతం చూసి పెద్దవాళ్లు పెదవి విరుస్తారు. విరవొచ్చు, ఆ ఏటికి ఆ అంకె నిజమే. కానీ పేదవాడి చదువు మూడేళ్ల చదువు కాదు. మిరపకోతకూ పురిటికీ అప్పుకూ మధ్య దొరికినప్పుడల్లా చదివే చదువు. దాన్ని ఒకే జూన్‌లో నిలబెట్టి కొలిస్తే ఎప్పుడూ తక్కువే తూగుతుంది.

2020-21 నుంచి ప్రవేశాలన్నీ ఆన్‌లైన్ అయ్యాయి. పిల్లలు ఫోనులోనే చేరుతున్నారు, ముఖాలు తెర మీదే కనబడుతున్నాయి. నా పేజీలూ నిండాయి. నిండిన రిజిస్టరును మెట్ల కింది రికార్డు గదిలో పడేస్తారు. అక్కడ చెదలున్నాయని విన్నాను. మొన్న బీరువా సర్దుతూ అటెండరు నన్ను రెండు చేతులా ఎత్తాడు.

“ఇది నిండిపాయ సార్. కిందేసి రానా?”

సారు కళ్లజోడు తీసి నన్ను ఒకసారి తిరగేశారు. కుడి అంచులన్నీ వేలితో గబగబా తడిమారు.

“యాడ నిండింది? అరలో పెట్టు. వచ్చేవాళ్లు ఇంకా ఉండారు.”