వాచకం తెరవకుండా తెలుగులో పదికి పది

ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు తెలుగు పేపరులో మార్కులు ఎందుకు పోతాయంటే, పాఠం చదువుతారు కాబట్టి. చదివితే ఆలోచన వస్తుంది. ఆలోచన వస్తే జవాబు గైడులో ఉన్నట్టు రాదు. ఉపమ, ఉత్ప్రేక్ష, యతి, ప్రాస, ప్రక్రియ, ఇతివృత్తం అని ఇన్ని పేర్లు మన పెద్దలు పెట్టిపోయింది పాఠానికీ మనకూ మధ్య గోడ కట్టుకోవడానికే. ఆ కట్టుబడి పని ఎలా చెయ్యాలో చెబుతాను, వినండి.

అలంకారాలు తేలిక. వాక్యంలో ‘వలె’, ‘లాగ’, ‘లా’ కనబడిందా, ఉపమాలంకారం. దేన్ని దేనితో పోల్చారు, రెండింటికీ ఉన్న సమానధర్మం ఏమిటి అని వెతుక్కునేవాడికి టైము చాలదు. ‘ఎలా ఉన్నావు’లో కూడా ‘లా’ ఉంది కదండీ అని మీలో ఎవరికైనా అనుమానం రావచ్చు. ఉంటే ఉండనివ్వండి, ఉపమే. పోల్చడం ఉపమ, ఊహించడం ఉత్ప్రేక్ష అని మాష్టారు గంటసేపు చెబుతారు. అంత అక్కర్లేదు. చంద్రుడుంటే ఉపమ, ఏనుగుంటే ఉత్ప్రేక్ష. మేడలు ఆకాశాన్ని తాకుతుంటే అతిశయోక్తి. అన్నం దగ్గర మీ అమ్మమ్మ ‘వీడి ఆకలికి ఊరి చెరువు కూడా చాలదు’ అంటుంది చూశారూ, దాన్ని మాత్రం ఉదాహరణగా రాయకండి. అమ్మమ్మ సిలబస్‌లో లేదు.

ఛందస్సులో అసలు కిటుకుంది. మీకు తగిలే వృత్తాలు నాలుగే: ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం. పాదమంతా గురులఘువులు గుర్తించే అమాయకులు ఇంకా ఉన్నారు. మొదటి 3 అక్షరాలు చాలు. గురువు తరవాత రెండు లఘువులొస్తే ఉత్పలమాల. మూడూ లఘువులైతే చంపకమాల. మూడూ గురువులైతే శార్దూలం. రెండు లఘువుల తరవాత గురువొస్తే మత్తేభం. ఆ పైన ఉత్పలమాలకైతే భ, ర, న, భ, భ, ర, వ అని గణాలు ముందే రాసేసి, అక్షరాల నెత్తిన గుర్తులు వాటికి తగ్గట్టు సర్దండి. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువవుతుందన్న నియమం ఎక్కడైనా అడ్డొస్తే, గుర్తును కొంచెం పక్కకు జరిపితే సరిపోతుంది.

అయితే ఈ కిటుకు ఎందుకు పనిచేస్తుందో మాత్రం ఆరా తీయకండి. ఉత్పలమాలలో మొదటి గురువు తీసి అక్కడ రెండు లఘువులు పెడితే, మిగతా నడకంతా చెక్కుచెదరకుండా చంపకమాల అయిపోతుంది. 20 అక్షరాలు 21 అవుతాయి, యతి 10వ అక్షరం నుంచి 11కి జరుగుతుంది, అంతే. శార్దూలానికి అదే పని చేస్తే మత్తేభం. ఇది తెలిసిన పిల్లలు నాలుగు సూత్రాలు బట్టీ పట్టడం మానేసి పద్యాలు పైకి చదివి పోల్చుకుంటూ కూర్చుంటారు.

పైకి చదవడమంత ప్రమాదం ఇంకొకటి లేదు. యతి దగ్గర పాదం మొదటి అక్షరం మళ్ళీ పలికినట్టు చెవికి తెలుస్తుంది. వృత్తమైతే ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ప్రాసై పలకరిస్తుంది. ఇక పద్యం నోట్లోంచి పోదు. వేమనతో చాలామంది తాతలకు ఇదే జరిగింది. పదుల కొద్దీ పద్యాలు అప్పజెబుతారు. వాళ్ళు చెప్పే ఆ ఆటవెలది మొదటి పాదంలో సూర్యగణాలెన్ని, ఇంద్రగణాలెన్ని అని అడిగి చూడండి, తెల్లమొహం వేస్తారు. మూడూ రెండూ అని కూడా తెలీదు. తాతకు సున్నా.

ప్రక్రియ అంటే పేజీల లెక్క. కాస్త చదివితే అయిపోయేది కథానిక, అవనిది నవల, పేర్ల పక్కన చుక్కలుంటే నాటకం.

‘నేను’ అని ఎవరన్నా వాడే రచయిత. బారిస్టర్ పార్వతీశం నవల అట్ట మీద మొక్కపాటి నరసింహశాస్త్రి అని ఉంటుంది. లోపల ‘నేను’ అనేవాడు మొగల్తూరు నుంచి బయల్దేరిన పార్వతీశం. ఇద్దరూ ఒకరే అని రాసెయ్యండి. పార్వతీశానికి అర్థంకాని సంగతి మనకు అర్థమై నవ్వొస్తోందంటే, ఆ నవ్వు వెనక వేరే మనిషి ఉండాలి కదా అని ఆలోచించడం మొదలుపెడితే గంట కొట్టేస్తారు.

గురజాడ ‘దిద్దుబాటు’ వస్తే 1910, తొలి తెలుగు కథానిక అని రాయండి. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే వచ్చిందని వాదించే పెద్దవాళ్ళున్నారు. వాళ్ళకు పరీక్షలైపోయాయి. ఇక కథ. రాత్రి బాగా పొద్దుపోయాక గోపాలరావు ఇంటికొస్తాడు. భార్య ఉండదు, ఉత్తరం ఉంటుంది. పనివాడు రాముడి మీద చిందులు తొక్కుతాడు, కుమిలిపోతాడు. చివర్లో మంచం కింద నవ్వు, గాజుల చప్పుడు. సారాంశంలోకి ఆ నవ్వును రానివ్వకండి. వచ్చిందంటే, ఆవిడ మొదట్నించీ అక్కడే ఉందా, రాముడికి తెలుసా, మనకు చెప్పకుండా రచయిత ఎందుకు దాచాడు అని మళ్ళీ మొదటి పేజీ తిప్పాలనిపిస్తుంది. ఇతివృత్తం: సంఘసంస్కరణ. గురజాడ పేరున్న ఏ పాఠానికైనా ఇదొక్కటే చాలు.

పాత్రల స్వభావానికి మంచి, చెడు అని రెండే గళ్ళు గియ్యండి. కన్యాశుల్కంలో గిరీశం ఒక్కడే ఇబ్బంది. అబద్ధాలకోరు, అప్పులు ఎగ్గొడతాడు, అయినా వాడు రంగం మీదికొస్తే జనం సర్దుకుని కూర్చుంటారు. ఆ నాటకాన్ని మొదట 1892లో ఆడారు, 1909లో గురజాడే పెంచి తిరగరాశారు. అప్పట్నించి పండితులే వాణ్ణి ఏ గడిలో పెట్టాలో తేల్చలేదు. మీరు చెడ్డవాడని రాసి కింద గీత గియ్యండి. పరీక్ష తప్పిన శిష్యుడు వెంకటేశానికి వాడు పాఠం చెప్పిన తీరూ నా తీరూ ఒకటేనని ఎవరన్నా అంటే నమ్మకండి.

మిగిలింది సొంతవాక్యం. పదానికి అర్థం తెలిసుండాలని ప్రశ్నపత్రంలో ఎక్కడా ఉండదు. ‘నాకు పరోపకారం అంటే చాలా ఇష్టం.’ ‘నాకు కృతజ్ఞత అంటే చాలా ఇష్టం.’ దుర్భిక్షం లాంటివి వస్తే ఇష్టం కుదరదు. అప్పుడు ‘మా టీచరు దుర్భిక్షం అనే పదానికి సొంతవాక్యం రాయమన్నారు’ అని రాయండి. కర్త ఉంది, కర్మ ఉంది, క్రియ ఉంది, జరిగిన సంగతే. తప్పెక్కడుందో చూపించమనండి.