చెరువుకట్ట రాయి ఆత్మకథ

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్టకు పేర్చిన నల్లరాళ్లలో నీటిమట్టానికి జానెడు కింద ఉన్న ఈ రాయి తన కథ చెప్పుకుంటే, అందులో సగానికి పైగా దాని ఒంటికి పట్టిన పాచి కథే అవుతుంది. రాయి నీట మునిగిన కొద్ది రోజులకే బ్యాక్టీరియా దానికి అతుక్కుని, తాము స్రవించే చక్కెరల, మాంసకృత్తుల జిగురులో స్థిరపడతాయి. ఆ జిగురులో సిలికా పెంకులు గల డయాటములు, నీలి ఆకుపచ్చ నాచులు, శిలీంధ్రాలు వచ్చి చేరగా ఏర్పడేదే జీవపొర. కాలు జారినవారికి అది మురికి. గోటితో గీరితే గోధుమరంగు జిగురుగా ఊడివచ్చే ఆ పొరే పగటివేళ ప్రాణవాయువును విడుస్తూ, కుళ్లిన ఆకులను ఎంజైములతో విడగొడుతూ, భాస్వరాన్ని పట్టి ఉంచుతూ, నత్తలకు మేతగా మారుతూ చెరువును బతికిస్తుంది.

ఈ పాచికి కంటికి కనబడని కొన్ని రేణువుల నుంచి ముప్పు ఉంది. మీటరులో వందకోట్లవ వంతును నానోమీటరు అంటారు. అటువంటి 1 నుంచి 100 నానోమీటర్ల పరిమాణం గల లోహ ఆక్సైడ్ రేణువులు సన్‌స్క్రీన్ లేపనాలలో, కొన్ని రంగులలో ఉంటాయి కనుక, స్నానపు నీటితోనో మురుగుతోనో చెరువులకు చేరగలవు. కాల్షియం ఎక్కువగా ఉన్న నీటిలో ఇవి ఒకదానికొకటి అంటుకుని, ముద్దకట్టి, అడుగుకు దిగి, చివరకు ఇటువంటి రాళ్ల జిగురులోనే చిక్కుకుంటాయి. ఆ జిగురు లోపలి కణాలకు కొంతవరకు కవచమవుతుంది, కానీ విషాన్ని పోగుచేసేదీ అదే. జింక్ ఆక్సైడ్, కాపర్ ఆక్సైడ్ కరిగి లోహ అయాన్లను, అంటే విద్యుదావేశం గల లోహ పరమాణువులను, విడుదల చేస్తాయి. టైటానియం డయాక్సైడ్ దాదాపు కరగకపోయినా, ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకితే, కణపు పొరలను చీల్చే చురుకైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. అందుచేత నడినెత్తిన సూర్యుడున్న వేళ దాని హాని ఎక్కువ.

మోతాదు పెరిగితే మేలు చేసేదే కీడవుతుందన్న సంగతి తిరుపతి శాస్త్రవేత్తలు వేరుశనగపై జరిపి 2012లో ప్రచురించిన పరిశోధనలో స్పష్టంగా కనిపిస్తుంది: పదిలక్షలకు 1000 వంతుల నానో జింక్ ఆక్సైడ్ విత్తనాల మొలకకు తోడ్పడగా, 2000 వంతులు దానిని అడ్డగించాయి. విత్తనానికి మోతాదును మనిషి కొలిచి ఇస్తాడు. పాచికి అలా కొలిచి ఇచ్చేవారు లేరు.

ప్రయోగశాలల్లో ఈ రేణువులు సోకిన జీవపొరల్లో కిరణజన్య సంయోగక్రియ, ఎంజైముల పని మందగించడం, సున్నితమైన జాతులు తగ్గి తట్టుకోగలవి పెరగడం గమనించారు. అప్పుడూ రాయి పచ్చగానే కనిపించవచ్చు కాబట్టి, పైరంగు చూసిగాని, నీటిని మాత్రమే పరీక్షించిగాని చెరువు క్షేమమనడం తొందరపాటు. ఎండాకాలం నీరు దిగితే ఆ పాచి ఎండి పెచ్చులుగా లేచి రాయిని వదులుతుంది. అది పట్టి ఉంచిన లోహం ఆ పెచ్చులతోనే బురదలో పడి, తొలకరికి మళ్లీ తడుస్తుంది.