టవరు కొన్న సేఠు: సటీక

ట్యాలి కొరకు వచ్చి టవరు కొన్నట్టి యా
సేఠు కొట్టులోన చీకటయ్యె
ర్యాము ముప్పదైన రాదు బిల్లు, కరెంటు
పోయెనేని, బిల్లుబుక్కు గతియె

అవతారిక: సికింద్రాబాద్ రాణీగంజ్‌లో బేరింగులమ్మే ఒకానొక సేఠు, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు, అనగా జనవాక్యంలో సీటీసీకి, కంప్యూటరు కోసం పోయి వచ్చిన ఉదంతం ఇందు చెప్పబడుచున్నది. కవి పేరు తెలియదు. ఆ కొట్టు గుమాస్తాయేనని నా అనుమానం.

ప్రతిపదార్థం: ట్యాలి కొరకు = 1986లో బెంగళూరులో పుట్టిన కంపెనీవారి లెక్కల సాఫ్ట్‌వేర్ నిమిత్తము; వచ్చి = బండి పెట్ట చోటు దొరకక చుట్లు తిరిగి వచ్చి; టవరు = రంగుల లైట్లు వెలుగు అద్దాల క్యాబినెట్టు; గతియె = దిక్కు.

విశేషాలు: సేఠు, చీకటి. యతి చెల్లింది. చెల్లనిది యూపీఎస్ పద్దు. కోటేషన్‌లో చివరి వరుస కాబట్టి బేరంలో మొదట అదే ఎగిరిపోయింది. 600 వీఏది ఒకటుంటే, కరెంటు పోయినా గుమాస్తా సగంలో ఉన్న బిల్లు సేవ్ చేసి, మిషను ఆపి, లేచేంత వ్యవధి దొరికేది. అయితే గ్రాఫిక్స్ కార్డు గట్టిగా పనిచేసే వేళ ఈ టవరును అదీ మోయలేదు. ‘బేరింగుల బిల్లుకు కార్డుతో పనేమి?’ అని శిష్యుడు అడుగవచ్చు. సమాధానం పాఠాంతరంలో ఉన్నది.

పని సంగతి అటుంచితే, అసలు కార్డు ఎలా వచ్చిందంటే, ప్రాసెసరు నంబరు చివర ‘ఎఫ్’ ఉంది. ఇంటెల్‌వారి సంజ్ఞలో అది ఉంటే లోపల బొమ్మ చూపే ఏర్పాటు లేదని అర్థం. వేరే కార్డు కొనక తప్పదు. సీటీసీవారు ప్రాసెసరు మీద ‘మీకోసం’ అని తగ్గించింది కార్డు మీద వడ్డీతో రాబట్టారు.

ర్యాము ముప్పై అని దొరకదు, ముప్పైరెండు. గణం కోసం కవి రెండు జీబీలు మింగేశాడు. నష్టమేమీ లేదు. విండోస్ 11 కనీసమని అడిగేదే నాలుగు. ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజరు కలిసి ఎనిమిదిలో సర్దుకుంటాయి. మిగిలినవి జీతమిచ్చి కూర్చోబెట్టిన మేనల్లుడిలా ఊరికే ఉంటాయి.

‘బిల్లుబుక్కు గతియె’: ఇక్కడ వ్యంగ్యం ఘాటుగా ఉంది. జీఎస్టీ 48వ నిబంధన ప్రకారం సరుకు బిల్లు మూడు ప్రతులు: కొన్నవాడికి, రవాణావాడికి, తనకు. కార్బన్ పెట్టిన బిల్లుబుక్కు ఒక్క రాతతో మూడూ ఇస్తుంది. ప్రింటర్లలో ఆ పని చేసేది, పిన్నులతో గుద్ది అచ్చువేసే డాట్ మ్యాట్రిక్స్. కిర్రుమంటుందని సేఠు దాన్ని కాదని ఇంక్‌జెట్ తెచ్చాడు. ఇప్పుడు ఒక్కో బిల్లూ మూడుసార్లు కొట్టాలి. మూడోది సగం వచ్చాక నల్ల సిరా అయిపోతుంది. బయట ట్రాలీ ఆటోవాడు హారను మోగిస్తుంటాడు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో ‘టవరు’కు బదులు ‘గేమరు’ అని ఉంది. గణమూ చెడింది, యతీ చెడింది. అయినా షట్టరు సగం దించాక సేఠు కొడుకు ఆ కంప్యూటరు ముందు కూర్చోవడం చూసినవారు ఈ పాఠాన్నే ఆదరిస్తున్నారు.