సెట్టన్న

బాన్సువాడ బస్టాండు దగ్గర ఏ చాయ్ హోటల్లో కూర్చున్నా పావుగంటలోపు మీ చెవిన పడే ఇంగ్లిషు మాట ఒకటుంది. హలో కాదు, ఓకే కాదు, థాంక్యూ అసలే కాదు. సెట్. ఆ మాట ఎటు నుంచి వచ్చిందో అటు తల తిప్పండి. అక్కడ సెట్టన్న ఉంటాడు.

తెల్లంగీ. జేబులో రెండు పెన్నులు. ఒకటి రాయదు, రెండోది ఎవరిదో. చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో ఊరందరి ఆధార్ జిరాక్సులు, పట్టాదారు పాస్‌బుక్కుల నకళ్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు. చేతిలో ఒక ఫోను, చెవిదగ్గర ఇంకో ఫోను. ఉద్యోగం లేదు, అయినా క్షణం తీరిక లేదు. తల్లిదండ్రులు పెట్టిన పేరు రేషన్ కార్డు మీద భద్రంగా ఉంది. ఊరు పెట్టిన పేరు మాత్రం సెట్టన్న. శెట్టి అనుకునేరు, కిరాణా కొట్టుకూ ఆయనకూ అప్పు సంబంధం తప్ప వేరే ఏదీ లేదు. ఎవరు ఏ పని చెప్పినా "ఫికర్ జేయకు, సెట్ జేస్త" అంటాడు కనుక ఆ పేరు.

ఇలాంటి మనిషి బాన్సువాడకే దొరికాడని మురిసిపోనక్కర్లేదు. బీర్కూరులో ఒకడు, వర్నిలో ఒకడు, పిట్లంలో ఇద్దరు ఉంటారు. ఆ ఇద్దరికీ ఒకరితో ఒకరికి సెట్ కాదు.

సెట్టన్న ఇంగ్లిషు ఖజానాలో ఉన్నది ఈ ఒక్క మాటే. కానీ దాన్ని ఆయన ఏడాది పొడుగునా ఖాళీగా కూర్చోనివ్వడు. వానాకాలం నాట్లప్పుడు రైతు మోటరు కాలిందని వస్తే పంపుసెట్ సెట్ చేయిస్తాడు. నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో ముగిసింది. అప్పటి నుంచీ కాలువ చివరి పొలానికి నీళ్లు ఆలస్యంగా అందడం కూడా ఒక ఆనవాయితీ. ఆ చివరి రైతు గోడు విని "కాల్వ లష్కర్‌తోని మాట్లాడిన, రేపు తెల్లారేసరికి నీ మడికి నీళ్లు సెట్" అంటాడు. కోతలయ్యాక కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ 17 శాతం దాటిందని కాంటా పెట్టకపోతే, ఆకాశం వంక చూసి "ఇంకో రెండు ఎండలు కొడితే సెట్" అంటాడు. సూర్యుడి తరఫున కూడా మాటిచ్చే ధైర్యం ఆయనది.

ఎండాకాలం వచ్చిందంటే పరీక్షల సీజన్. ఒకప్పుడు ఎంసెట్ ఒక్కటే పెద్ద సెట్. ఇప్పుడదే ఈఏపీసెట్ అయింది. ఐసెట్, ఈసెట్, ఎడ్‌సెట్, లాసెట్, పాలీసెట్, పీజీఈసెట్ వెనకాలే వస్తాయి. కాలేజీలో పాఠం చెప్పడానికి అర్హత కావాలంటే అదీ ఒక సెట్టే. ఇంగ్లిషులో వీటిలో చాలావాటికి సీతో రాసే సెట్, చివరిదానికి ఎస్‌తో రాసే సెట్. తెలుగు లిపిలోకి దిగాక అందరికీ ఒకే యూనిఫాం. అందుకే సెట్టన్న నోట ఇలాంటి వాక్యం అలవోకగా దొర్లుతుంది: "నీ బిడ్డకు ఏ సెట్ సెట్ అయితదో ముందుగాల సూడాలె. అది సెట్ అయితే ఆమె లైఫ్ సెట్."

ఆయన సొంత బిడ్డ సర్కారు బడిలో పదో తరగతి. లెక్కల పుస్తకంలో సెట్స్ అనే పాఠముంది, తెలుగులో సమితులు. "బాపూ, ఏమీ లేకున్నా అది సెట్టేనట. ఎంప్టీ సెట్ అంటరట" అని ఆ పిల్ల చెప్పింది. సెట్టన్న తన జేబు తడుముకుని, "గీ పాఠం రాసినాయనకు నన్నెవరో సూపెట్టిన్రు" అన్నాడు.

ఇక పెళ్లిళ్ల కాలం. నగల సెట్టు, డిన్నర్ సెట్టు, బ్యాండు సెట్టు, ఇవన్నీ తర్వాతి సంగతి. ముందు సంబంధం సెట్ కావాలి. అదీ ఆయనే చూస్తాడు. చూసినందుకు తర్వాత ఫలితమూ ఆయనే అనుభవిస్తాడు.

"అన్నా, మా అల్లుడు పిల్లను తోల్కపోతలేడు."

"ఎందుకట?"

"ఇద్దరికి సెట్ గాలేదట."

"సెట్ జేసింది నేను. గాకుంట ఎట్ల పోతది? ఐతారం నాడు వచ్చి సెట్ జేస్త తియ్."

మూడు సెట్లు, మూడు అర్థాలు. కుదరలేదు, కుదిర్చాను, సర్దుతాను. విన్న మామకు ఒక్కచోట కూడా అనుమానం రాలేదు. అల్లుడికీ రాదు.

తాతల కాలంలో ఇదే ఊళ్లో ఈ పనులకు తలా ఒక మాట ఉండేది. సంబంధం ఖాయమయ్యేది, ధర ఖరారయ్యేది, కొట్లాట రాజీ అయ్యేది, పంచాయితీ ఫైసలా అయ్యేది, భోజనాలు బందోబస్తు అయ్యేవి. నిజాం పాలన నాటి ఆ మాటలు ఊరంతటి నోళ్లలో తెలుగైపోయాయి. సెట్ వచ్చి ఐదింటి పనీ తనే నెత్తికెత్తుకుంది. జీతం మాత్రం పెరగలేదు, సెట్టన్నకు పెరగనట్టే.

ఆయన కథలో రెండో మనిషి పిల్లగాడు. డిగ్రీ పూర్తి చేశాడు, నిజామాబాదులో స్పోకెన్ ఇంగ్లిష్‌కు పోతున్నాడు, చేతిలో రెండొందల పేజీల నోటుబుక్కు. ఎడమవైపు ఇంగ్లిషు మాట, కుడివైపు తెలుగు అర్థం, మధ్యలో స్కేలుతో గీసిన గీత. సెట్ దగ్గరికి వచ్చేసరికి కుడివైపు పేజీ చాల్లేదు, ఆ తర్వాతి పేజీలూ చాల్లేదు. ఒకనాడు చాయ్ హోటల్లో సెట్టన్నను పట్టుకున్నాడు.

"అన్నా, నువ్వు వాడే మాటకు ఎన్ని అర్థాలో ఎర్కనా? ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989లో 20 సంపుటాలుగ వచ్చింది. అండ్ల అన్నిటికన్న పొడుగు సంగతి నీ సెట్‌దే. ఒక్క క్రియను చెప్పనీకే దగ్గర దగ్గర 60 వేల మాటలు వట్టినయట. ఉత్త సెట్‌కే 430 అర్థాలు. అప్, ఔట్, ఆఫ్ అసొంటివి పక్కకొస్తే ఇంకా ఎక్కువ."

సెట్టన్న చాయ్ గ్లాసు కింద పెట్టి, "గన్నేనా?" అన్నాడు.

పిల్లగాడు వదల్లేదు. "ఇప్పుడు నీ సెట్ ఫస్టు కాదన్నా. 2011ల రన్ అనే మాటకు 645 అర్థాలు లెక్క తేల్చిన్రు. గదే ఫస్టు."

సెట్టన్న ముఖం వాడింది. సొంత మనిషి సర్పంచి ఎన్నికల్లో ఓడిపోయినా ఆయన అంత కష్టపెట్టుకోలేదు. "రన్‌దేమున్నదిర? ఉరుకుడు. గంతే గదా!"

"గంతే కాదన్నా. బస్సు రన్ అయితది, హోటల్ రన్ చేస్తరు, పడిశం పడితే ముక్కు రన్ అయితది. అమెరికాల ఎలక్షన్లల్ల గూడ రన్ అంటరు. ఇంగ్లండ్‌ల అయితే స్టాండ్ అంటరు."

"అంటే ఒక దేశంల ఉరుకుతరు, ఇంకో దేశంల నిలబడ్తరు. మనకాడ నిలబడెటోడే ఉరుకుతడు" అని సెట్టన్న తేల్చేసి ఇంకో చాయ్ చెప్పాడు. డబ్బులు పిల్లగాడి ఖాతాలో.

పిల్లగాడి నోటుబుక్కు చూస్తే జాలేస్తుంది, గౌరవమూ కలుగుతుంది. పొద్దుగూకితే సెట్. పెరుగు తోడుకుంటే సెట్. పోసిన సిమెంటు గట్టిపడితే సెట్. విరిగిన ఎముకను అతికితే సెట్. అలారం పెడితే, ఎలుకలకు బోను పెడితే, గడ్డివాముకు నిప్పు పెడితే, అన్నీ సెట్టే. పరీక్ష పేపరు తయారు చేస్తే సెట్, ప్రయాణం కట్టి బయల్దేరితే సెట్ ఔట్, బతుకు వెనక్కి తంతే సెట్‌బ్యాక్. ఒక్క మాటకు తెలుగులో ఇరవై క్రియలు వెతికి రాసుకున్నాడు. వాటిలో పెట్టు, పట్టు అన్నవి పదేపదే వచ్చాయి కానీ అది గమనించే తీరిక కంఠస్థం చేసేవాడికి ఎక్కడిది?

ఇన్ని నేర్చినవాడు మాక్ ఇంటర్వ్యూలో బోల్తా పడ్డాడు. ఆ రోజు వేసుకున్న కోటు వాళ్లన్నయ్యది. భుజాల దగ్గర వదులు, పొట్ట దగ్గర బిగుతు. ఎందుకలా ఇబ్బందిగా కదులుతున్నావని అడిగితే "ది కోట్ ఈజ్ నాట్ సెట్టింగ్ టు మీ సార్" అన్నాడు. "సెట్ కావడానికి అదేమన్నా పెరుగా?" అన్నాడు సారు. నోటుబుక్కులో లేని సెట్ ఒకటి బాన్సువాడ నుంచి అతని వెంట బస్సెక్కి వచ్చిందన్నమాట. బట్టలు సెట్ కావడం, మనసులు సెట్ కావడం మన దగ్గరి వాడుక. అక్కడ ఇంగ్లిషు వాళ్లు ఫిట్ అంటారు, సూట్ అంటారు, గెట్ ఎలాంగ్ అంటారు. ఇల్లరికం వచ్చిన అల్లుడు ఏళ్లు గడిచాక అత్తగారింటి యాస మాట్లాడినట్టు, మన మధ్య ఉండి ఉండి సెట్ మనలాగే మాట్లాడుతోంది. పుట్టింటివాళ్లకు అది అర్థం కాకపోతే తప్పు అల్లుడిది కాదు.

సెట్టన్నకు ఒక్కసారి మాత్రం గండం వచ్చింది. భూమి తగాదాలో కింది కోర్టులో ఓడిపోయిన ఒక రైతు అప్పీలుకు వెళ్లాడు. తీర్పు కాపీ ఫోనులోకి వచ్చింది, అంతా ఇంగ్లిషు. రైతు దాన్ని సెట్టన్న చేతిలో పెట్టాడు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలితో జరుపుతూ పోయి, ఒకచోట వేలు ఆపి, కుర్చీలోంచి లేచాడు.

"సెట్ అని పడ్డది! కాకా, నీ కేసు సెట్!"

జిలేబీ వచ్చింది. రైతు చేతిలోది నోటి దాకా పోయేలోపు పిల్లగాడు ఫోను లాక్కుని చూసి కేకపెట్టాడు. "సెట్ కాదన్నా, సెట్ అసైడ్! రద్దన్నట్టు. కొట్టేసిన్రు!"

జిలేబీ గాల్లో ఆగింది. రైతు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హోటలాయన, పాపం, జిలేబీ డబ్బులు ఎవరిస్తారని అడగాలా వద్దా అని నిలబడ్డాడు. సెట్టన్న జీవితంలో మొదటిసారి సెట్ అన్నందుకు చెమట తుడుచుకున్నాడు. వకీలు సాబుకు ఫోన్ కొట్టారు.

"కొట్టేసింది నిజమే" అన్నాడు వకీలు సాబు. "ఏం కొట్టేసిన్రో సూస్కున్నరా? నీ మీదికొచ్చిన కింది కోర్టు తీర్పునే కొట్టేసిన్రు. నువ్వు గెలిచినవ్."

రైతు జిలేబీ తిన్నాడు. సెట్టన్న కళ్లద్దాలు మడిచి జేబులో పెట్టుకుని, "నేను ముందుగాలనే చెప్పిన గదా, సెట్ అని" అన్నాడు. పిల్లగాడు నోటుబుక్కు తీశాడు, ఏం రాసుకోవాలో తోచక మూసేశాడు. వాడికి మాట అర్థం తెలుసు, అది దేని మీద పడిందో చూడలేదు. ఆయనకు అర్థమే తెలియదు, అదృష్టం మాత్రం సెట్ అయింది.

నవ్వుకున్నాం కాబట్టి ఇదీ చెప్పాలి. సెట్టన్న నోట సెట్ రాని పని ఒకటుంది. కామారెడ్డి, నిజామాబాదు జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఏజెంట్ల మాట నమ్మి అప్పులపాలైన ఇళ్లూ ఉన్నాయి. ఎవరైనా వచ్చి "అన్నా, దుబాయ్ వీసా ఒకటి సెట్ జేయరాదు" అంటే ఆయన కవరు చంకలో బిగించి లేచి నిలబడతాడు. "గది నాతోని గాదు. లైసెన్సున్నోని దగ్గరికి పో, కాయితం సదివించుకో" అంటాడు. ఏ మాట ఎక్కడ వాడకూడదో తెలిసినవాడికే ఆ మాట నిజంగా వచ్చినట్టు.

ఒక్క మాటకు 430 అర్థాలా అని నోరు తెరిచే మనం, మన ఇంట్లో ఉన్నదాన్ని ఎన్నడూ లెక్కపెట్టలేదు. కొట్టు అన్న మాట తీసుకోండి. గుడిలో కొబ్బరికాయ కొడతాం, సైకిలుకు గాలి కొడతాం, స్నేహితుడికి ఫోన్ కొడతాం, ఈల కొడతాం, సొంత డబ్బా కొడతాం. ఎండ కొడుతుంది, ఉపన్యాసం బోరు కొడుతుంది. కోర్టు కేసు కొట్టేస్తుంది, దొంగ బండి కొట్టేస్తాడు. ఒకే రైతు పగలు పొలానికి మందు కొట్టి సాయంత్రం తనూ మందు కొడతాడు. ఏ రైతూ ఈ రెండు మందులనూ వాక్యంలో తారుమారు చేయడు. అతనికి ఎవరూ అర్థాల పట్టిక ఇవ్వలేదు. పొలం, పూట, పక్కనున్న మనిషి, ఇవే అతనికి నేర్పాయి.

కనుక ఇంగ్లిషు నేర్చుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. డిక్షనరీ కొనండి, తప్పు లేదు. నోటుబుక్కులో మధ్య గీత మాత్రం కొట్టేయండి. మాటకు ఎదురుగా అర్థం రాసుకోకుండా, ఆ మాట వచ్చిన వాక్యం మొత్తం రాసుకోండి. ఎవరు ఎవరితో అన్నారో, ఏ పని మీద అన్నారో అదీ రాసుకోండి. మన సెట్ వేరు, వాళ్ల సెట్ వేరని గుర్తుంటే ఇంటర్వ్యూలో కోటు పెరుగు కాదు. ఇక సెట్ పక్కన అసైడ్ కనబడిందా, వకీలు చదివేదాకా జిలేబీ పంచకండి.