కుడికాలు పక్కన పెట్టు, ఉద్యోగం వద్దను

ఆదోనిలో గానీ ఎమ్మిగనూరులో గానీ ఫుట్‌బాల్ పిచ్చి పట్టిన పిల్లాడికి పెద్దలు ఒకటే చెబుతారు: స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తగిలేదాకా ఆడు, తర్వాత మానెయ్. నేను దానికి అడ్డంగా చెబుతాను. తిట్టుకున్నా సరే.

తమ్ముడూ, గోల్స్ కొట్టాలంటే ముందు నీ మంచి కాలిని మరిచిపో. కుడికాలివాడివైతే నెల రోజులు ఎడమకాలితోనే కొట్టు. కుడి పాదం బంతి పక్కన ఆనించు, దాని వేళ్లు గోల్ వైపు చూడాలి. ఎడమ చీలమండ బిగబట్టి, వేళ్లు నేలకు వంచి, పాదం పైభాగంతో కొట్టు. మొదట్లో బంతి కంపచెట్లలోకి పోతుంది. పోనీ. ఇది నా సొంత పైత్యం కాదు. హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసి, కోచ్‌గా మన దేశానికి 1951, 1962 ఏషియాడ్‌లలో బంగారు పతకాలు తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం, చేతగాని కాలితోనే ఆడాలని నియమం పెట్టి పోటీలు నడిపారు. డ్రిబ్లింగ్ చేయకూడదనే పోటీలు కూడా ఆయనవే. కాబట్టి డ్రిబ్లింగూ మానెయ్. ఇద్దర్ని దాటించి ఈలలు వేయించుకోవాలని ఉంటుంది, తెలుసు. బంతి అందగానే ఇచ్చెయ్, ఇచ్చి ఖాళీలోకి ఉరుకు.

ఇక ఉద్యోగం. వస్తే వద్దను. మన హైదరాబాద్ ఫార్వర్డ్ మహమ్మద్ హబీబ్, తోటి ఆటగాళ్లు ఉద్యోగాల్లో కుదురుకుంటున్న కాలంలో వచ్చిన ఉద్యోగాలు కాదని ఆటనే నమ్ముకున్నారు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టును మోహన్ బగాన్ 2-2తో నిలువరించినప్పుడు ఒక గోల్ ఆయనదే. తర్వాత టాటా ఫుట్‌బాల్ అకాడమీలో కోచ్ అయ్యారు. ఒంటినిండా ఆటే ఉన్నవాడు పిల్లలకు ఆట తప్ప ఇంకేం నేర్పుతాడు?

కోచింగ్‌కు రిటైరయ్యేదాకా ఆగొద్దు. లైసెన్సు సంగతి తర్వాత, ముందు మీ వీధి పిల్లల్ని పోగెయ్. హైదరాబాదీ స్ట్రైకర్ షబ్బీర్ అలీ 1974లో కుర్రాళ్ల జట్టుకు కెప్టెన్‌గా ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ టైటిల్ పంచుకున్నారు. కోచ్‌గా సాల్గావ్‌కర్‌కు 1998–99 జాతీయ లీగ్ గెలిపించారు. కెప్టెన్సీలోనే సగం కోచింగ్ ఉంది.

అమ్మానాన్నలకు ఒక్క మాట. పనుల కోసం సుగ్గికి వలస పోయేటప్పుడు పిల్లాణ్ణి వెంట తీసుకుపోకండి. అవ్వ దగ్గర వదలండి. పొద్దున బడికి పోతాడు, సాయంత్రం గ్రౌండుకు పోతాడు.